సైదమ్మ తనంతట తాను వేసుకున్న రవిక

1972లో మేము మిర్యాలగూడలో, స్టేషనుకు దగ్గరి వీధిలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన ఒక రైసుమిల్లులో గుమాస్తా. సాగర్ కాలువ నీళ్ళు వచ్చాక ఊళ్ళో మిల్లులు ఒకదాని వెనుక ఒకటి లేచాయి. వాటిలో పనికోసం పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళూ పెరిగారు. ముందు గదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉండేది. రవికలు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టేదాన్ని. బోర్డు లేదు. తెలిసినవాళ్ళు అరుగు మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు, అంతే.

నాకొక పిచ్చి ఉండేది. పాత మిషను ఎక్కడ కనబడినా ఆగిపోయేదాన్ని. ఆ ఎండాకాలం కోదాడకు చుట్టాల పెండ్లికి పోయినప్పుడు, బస్టాండు దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒకటి కంటబడింది. బల్ల లేదు, తల ఒక్కటే. నల్లటి ఒంటి మీద బంగారు రంగు పూలతీగ సగం చెరిగిపోయింది. చక్రం పట్టుకుని తిప్పబోతే కదల్లేదు.

"అది తిరగదమ్మా. ఎవరింట్లోనో అటక మీద పడి ఉంటే తెచ్చి ఇక్కడ వేశారు. తీసుకెళ్ళి ఏం చేసుకుంటారు?" అన్నాడు కొట్టాయన.

"తిరుగుతదేమో చూస్త," అన్నాను.

గోనెసంచిలో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. మూడు రోజులు కిరసనాయిలు పోసి, కోడి ఈకతో సందు సందునా తుడిస్తే ఎండిపోయిన నూనె జిగురు కరిగి చక్రం తిరిగింది. కాని షటిల్ లేదు. షటిల్ అంటే మిషను లోపల కింది దారాన్ని మోసే ముక్క. ఇప్పటి మిషన్లలో గుండ్రంగా ఉంటుంది, ఆ పాతదానిలో చిన్న పడవలా పొడుగ్గా ఉండాలి. అది లేకుండా కుట్టు పడదు. బట్ట కప్పి మూలన పెట్టేశాను.

వానలు మొదలయ్యాక ఒక రోజు పొద్దున సైదమ్మ వచ్చింది. పాలకీడు నుంచి వాళ్ళ వదినె వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. ముప్పయ్యేళ్ళ మనిషి. కుడి చెయ్యి మోచేతి కింద బెత్తెడు మాత్రమే ఉంది. అంతకు ముందటేడు ఒక మిల్లులో పనిచేస్తుంటే కొంగు పోయి బెల్టులో పడింది, కొంగుతోపాటు చెయ్యీ పోయింది. భర్త అంతకుముందే చనిపోయాడు. దవాఖాన నుంచి నేరుగా అన్న ఇంటికి చేరింది.

"హుక్కులు లేని రైక కుట్టాలమ్మా దీనికి," అంది వదినె. "పొద్దుగాల నేను నాటుకు పోకముందే లేపి, హుక్కులు పెట్టి పోతున్న."

సైదమ్మ తల వంచుకునే మాట్లాడింది. "తొందరల వదినె మర్చిపోతే పొద్దుమీకే దాక కొంగు కప్పుకొని ఇంట్లనే కూసుంట. గీడ మిల్లుల వడ్లు తిప్పే పని ఇస్తమన్నరు. కాళ్ళతోని తిప్పుడే. కిరాయి గదిల ఒక్కదాన్నే ఉండాలె. మరి పొద్దుగాల నాకు హుక్కులు ఎవరు పెడ్తరు?"

ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కళ్ళంలో ఆరబోస్తే, ఆడవాళ్ళు వరసగా నడుస్తూ పాదాలతో తిప్పుతారు. ఆ పని ఆమె చెయ్యగలదు. అడ్డం వచ్చింది రవిక ఒక్కటే.

"నాలుగు రోజులకు రండి," అన్నాను తేలిగ్గా. మెడ పెద్దది చేసి, తల మీది నుంచి వేసుకునేటట్టు వదులుగా కుట్టాను. ట్రయల్‌కు వచ్చి లోపలి గదిలోకి పోయిన మనిషి ఎంతసేపటికీ రాలేదు. చివరికి "అమ్మా" అని సన్నగా పిలిచింది. వెళ్ళి చూస్తే తల లోపలే ఉంది, బట్ట మెలిపడి భుజాల దగ్గర బిగుసుకుపోయింది. వదినె, నేను కలిసి లాగి తీశాం.

"ఇంకా వదులు చేస్త," అన్నాను.

"ఎంత వదులు చేసినా ఇట్లనే ఐతదమ్మా. మిల్లుల చెమటకు పెయ్యికి అంటుకుంటది." కోపం లేదు ఆమె గొంతులో. రవికను ఒక్క చేత్తోనే నీటుగా మడిచి నా మిషను మీద పెట్టింది. ఆ మడత చూస్తుంటే నాకు సిగ్గేసింది.

మర్నాడు మా ఆయన పనికి పోయాక, కుడి పిడికిలికి గుడ్డ చుట్టి కట్టుకున్నాను. ఎడమ చేత్తో నా రవిక నేను వేసుకోవాలని చూశాను. అరగంట పట్టినా ఒక్క హుక్కు పడలేదు. హుక్కు పట్టుకోవడం కష్టం కాదు, ఎదుటి అంచును పట్టి ఆపేది లేకపోవడమే కష్టం. చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆ అంచు జారిపోయేది. ఆమెకు ఇది రోజూ ఉండే పని అనుకుని, గుడ్డ విప్పకుండా కాసేపు అట్లాగే కూర్చున్నాను.

ఈసారి సైదమ్మ రాగానే, మొదటి రోజే అడగాల్సిన మాట అడిగాను. "ఆ చెయ్యితోని నువ్వు ఏమేం చేస్తవు?"

ఆమె తలెత్తి చూసింది. ఏమేం చెయ్యలేవు అని అడిగినవాళ్ళే గాని ఇట్లా అడిగినవాళ్ళు లేరేమో. "చాట దీని కిందికి ఇరికిచ్చుకుంట. బాయిల నీళ్ళు చేదేటప్పుడు తాడును ఉంగరం లెక్క చేసి దీనికి తొడుగుత. ఇటు గుంజి పట్టుకుంటే నిండు బొక్కెన కూడ ఆగుతది," అని చెయ్యి కిందికి ఆనించి చూపించింది.

దారి ఆమే చూపించింది. ముందు తెరిచే రవికే కుట్టాలి. కుడి అంచు అడుగున నవారుతో ఒక ఉంగరం కుట్టాలి, మంచానికి అల్లే నవారే. అందులో ఆమె కుడి చెయ్యి దూర్చి కిందికి లాగితే అంచు బిగువుగా నిలుస్తుంది. అప్పుడు ఎడమ చేత్తో హుక్కులు పెట్టుకోవచ్చు. సన్న హుక్కుల బదులు ప్యాంటు నడుముకు వేసే వెడల్పాటి హుక్కులు మూడు చాలు.

కాని రెండు మడతల నవారు, దాని కింద నాలుగు పొరల బట్ట. నా మిషను మీద సూది రెండుసార్లు విరిగింది. చేతికుట్టు రోజూ పడే గుంజుడుకు ఆగదు. అప్పుడు మూలనున్న కోదాడ మిషను, అంత మందాన్ని తట్టుకునే బరువైన పాత ఇనుము, గుర్తొచ్చింది. దాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను.

అక్కడ మిషన్లు బాగుచేసే ఒక ముసలి సాబ్ ఉండేవాడు. ఎవరికోసం, ఎందుకు అని అంతా విన్నాడు. రేకు డబ్బా బోర్లించి, బోల్టుల మధ్య వెతికి, పొడుగాటి షటిల్ ఒకటి తీశాడు. "ఏ మిషన్ల పడ్తదో తెల్వకనే ఏండ్ల సంది దాచిపెట్టిన," అన్నాడు. సన్నటి గరుకు కాగితంతో అంచులు రుద్ది, మూడుసార్లు పెట్టి తీసి, నాలుగోసారి చక్రం తిప్పాడు. కుట్టు పడింది.

"ముందుగాల ఆమె రైక కుట్టు బేటీ. ఆమెకు నా సలాం చెప్పు," అన్నాడు.

ఇంటికొచ్చి నా బల్ల మీద ఆ తల బిగించాను. నవారు మీద అది తొందరపడకుండా, ఆగకుండా నడిచింది.

ట్రయల్ రోజు సైదమ్మ లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. వదినె, నేను బయట నిలబడ్డాం. చాలాసేపైంది. వదినె తలుపు నెట్టబోయింది.

"జర ఆగు వదినె," అని లోపలి నుంచి వినబడింది. "నన్ను వేసుకోనియ్యి."

బయటికి వచ్చేసరికి మూడు హుక్కులూ పెట్టి ఉన్నాయి. వదినె ఒక్కొక్క హుక్కునూ వేలితో తడిమి చూసి, గడప మీద కూర్చుంది. "ఇగ రేపటి సంది పొద్దుగాల నాకొక పని తగ్గింది," అంది. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సైదమ్మ పక్కనే కూర్చుని ఎడమ చెయ్యి ఆమె భుజం మీద వేసింది. సాబ్ సలాం సంగతి నేను అప్పుడే చెప్పాను.

ఆ వారంలోనే సైదమ్మ పనిలో చేరింది. మేము ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆమె రవికలన్నీ నేనే కుట్టాను. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి దిద్దించేది. ఎండాకాలం నవారు ఒరుసుకుంటుందని చెబితే లోపల మెత్తటి పాత చీర ముక్క వేశాను. పక్షవాతం వచ్చిన ఒక ముసలామెను, వేళ్ళు పోయిన, బండి తోలే ఒక మనిషిని తనే నా దగ్గరికి తీసుకొచ్చింది. నన్ను అమ్మా అనడం మాని అక్కా అనడం ఎప్పుడు మొదలుపెట్టిందో గుర్తులేదు.

అంతవరకు కొలత తప్పకపోతే చాలు, పని బాగా తెలిసినదాన్ననే అనుకునేదాన్ని. ఆమె మొదటి రవికకూ కొలతలు తప్పలేదు. అయినా అది ఆమెకు పనికిరాలేదు. అప్పటి నుంచి ఎవరు బట్ట తెచ్చినా, టేపు తీసే ముందు "ఎట్ల తొడుక్కుంటవో చూపియ్యి" అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. ఎప్పుడో ఒకరు మాత్రం, ఇంతవరకు ఎవరికీ చెప్పని ఇబ్బంది ఒకటి మెల్లగా చెబుతారు. ఆ మాట వినబడ్డప్పుడల్లా సైదమ్మకు మనసులో దండం పెట్టుకుంటాను.