తమ్ముడి పడవను ఆపించింది నేనే

సోమశిల రేవులో నాకొక పుట్టి ఉంది, వెదురుతో అల్లిన గుండ్రటి తెప్ప. మా తమ్ముడికి ఇంజన్ పడవ ఉంది. నేను కృష్ణలో చేపలు పడతాను. వాడు గుడికి వచ్చినవాళ్లను నీళ్లమీద తిప్పుతాడు. ఒకప్పుడు ఇద్దరం ఒకే పుట్టిలో పోయేవాళ్లం. వాడు తెడ్డు వేస్తే నేను వల విసిరేవాణ్ని. వాడు పడవ కొన్ననాటి నుంచి నాకు కడుపులో మంటే. దాచుకోవడం ఎందుకు?

వానలు మొదలయ్యాక చేపలు గుడ్లు పెడతాయి. ఆ కొన్ని వారాలు వల వేయొద్దని ఆఫీసర్లు చెప్తారు, మేమూ వేయం. గుడ్డుతో ఉన్న చేప దొరికితే నీళ్లలో వదిలేయడం మా నాయన కాలం నుంచీ అలవాటే. కానీ నా వల దూలానికి వేలాడుతుంటే, వాడి పడవ మాత్రం కేరింతలతో రోజంతా తిరుగుతుంటే ఎవడికి ఓపిక ఉంటుంది? కొత్త చొక్కా, నల్లద్దాలు. పట్నం వాళ్లు వాడితో ఫొటోలు దిగేవారు. నాతో ఎవడు దిగుతాడు?

"నీ కడుపు మంట మీద చాపలు కాల్చొచ్చు," అంది నా భార్య. "నీ తమ్ముడేమన్న నీ సొమ్ము తింటుండా?"

ఒక ఏడు, వలలు ఆపిన రోజుల్లోనే, చేపల ఆఫీసరు రేవుకు వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, చేపలు పెరగాలంటే ఇంకేం చేయాలని అడిగాడు. తమ్ముడు ఆ వేళ నది మధ్యలో ఉన్నాడు. నేను లేచాను.

"సార్, ఒక్క వలలు బంద్ పెడితే ఏమొస్తది? చాప ఒడ్డు పొంట గడ్డిల గుడ్లు పెడ్తది. ఇంజన్ పడవ అటు పోతే అల కొట్టి, గుడ్లన్ని ఒడ్డెక్కి ఎండిపోతయ్. పడవలు గూడ బంద్ పెట్టుండ్రి."

నేను చెప్పింది అక్షరాలా నిజం. కానీ చేపల మీద ప్రేమతో చెప్పలేదు, వాడి సంబరం ఆగాలని చెప్పాను. ఆఫీసరు ఒడ్డు పొడుగునా నడిచి, గడ్డిలో వంగి చూసుకుని, మళ్లీ వలలు వేసేదాకా పడవలూ ఆపమన్నాడు. ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు ఇంటికి వచ్చాడు. పోట్లాటకే వచ్చాడనుకున్నాను. వాడు చెప్పులు విడిచి, దూలం మీది వల దించి, చినిగిన చోట అల్లడం మొదలుపెట్టాడు.

"అన్నా, వలలు వేసుడు మొదలైనంక నన్ను గూడ పుట్టిల తీస్కపో. తెడ్డు వేస్త."

"పడవ బంద్ పెట్టించినోని మీద కోపం లేదారా?"

వాడు తలెత్తలేదు. "నువ్వేనని తెల్సు. గా మాట నేనే చెప్పాల్సింది. పోయినేడు గుడ్లు ఒడ్డున ఎండుడు చూసిన. చెప్తే పడవ ఆగుతదని నోరు మూసుకున్న. తప్పు నాదే."

నేను పక్కన కూర్చుని వల రెండో కొస పట్టుకున్నాను. పడవ ఆగిపోయింది, అయినా వాడిమీద నాకు కుళ్లు తగ్గలేదు. తప్పు నాదే అని నాలాంటివాడి ముందు అంత తేలిగ్గా ఒప్పుకున్నాడే, ఇప్పుడు కుళ్లు దానికి. వాడితో ఆ మాట అనడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.