చీరాలలో కిందికున్న కిటికీ

చీరాలలో అద్దె ఇల్లు వెతుక్కునే వాళ్ళకి నా మొదటి సలహా, మే నెలలో వెళ్ళకండి. మేము మే నెలలోనే వెళ్ళాం. బడిపంతులికి బదిలీ వేసవిలోనే వస్తుంది, జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఇల్లు కావాలి. అప్పటికే నేనొక్కణ్ణే రెండుసార్లు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాను. మూడోసారి మా ఆవిడ సుగుణ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి రూతు కూడా బయల్దేరారు. సంసారాన్ని చూస్తే ఇల్లు ఇస్తారని సుగుణ నమ్మకం. ఇల్లు కుదిరాక సముద్రం చూపిస్తానని రూతుకి మాటిచ్చాను.

చిలకలూరిపేటలో ఆరుంపావు బస్సు ఆరూ నలభైకి కదిలింది. సీటు కింద ఎవరిదో ఎండుమిరపకాయల గోతాం. పర్చూరు దాకా బస్సంతా తుమ్ముతూనే ఉంది. "ఎవరిదయ్యా ఆ గోతాం?" అని కండక్టర్ నాలుగుసార్లు అరిచాడు. దానిమీద కాళ్ళు పెట్టుకు కూర్చున్న పెద్దాయన కూడా తుమ్మి, "ఎవరిదో చెప్పండ్రా" అన్నాడు. రూతు మాత్రం లైబ్రరీ పుస్తకంలోంచి తలెత్తలేదు. తుమ్ము వస్తే పేజీలో వేలు పెట్టి, తుమ్మి, మళ్ళీ చదువుకుంది.

ఎనిమిదిన్నరకి చీరాలలో దిగాం. బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. చట్నీ రెండోసారి అడిగితే వేస్తారు, మూడోసారి అడిగితే వినపడదు.

మొదటి ఇంటికి 'అద్దెకు ఇవ్వబడును' అని బోర్డుంది. యజమాని నా పేరడిగాడు. ప్రసాద్ అన్నాను. సంతోషించాడు.

"మీరేవిట్లండీ?" అన్నాడు తర్వాత.

మా వైపు కులం ఇలాగే అడుగుతారు, ఏ ఊరని అడిగినంత మామూలుగా. క్రైస్తవులమని చెప్పాను. ఆ ఇల్లు నిన్ననే ఎవరికో మాటిచ్చేశారట, బోర్డు తీయడం మర్చిపోయారట. వీధి చివర నుంచి వెనక్కి చూశాను. ఇంకా మర్చిపోయే ఉన్నారు.

రెండో ఇంటికి వెళ్ళేముందు, "అడక్కుండా మీరేం చెప్పకండి" అంది సుగుణ. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది, బావి చూపించింది, ఏమీ అడగలేదు. వంటగదిలో పప్పుల డబ్బాలు ఏ అలమరలో పెట్టాలో కూడా సుగుణ చూసుకుంది. వచ్చేస్తుంటే ఆవిడ మా అమ్మాయి బుగ్గ పట్టుకుని, "నీ పేరేంటమ్మా?" అంది.

"రూతు."

ఆ ఇల్లు వాళ్ళబ్బాయికి కావాలన్న సంగతి ఆవిడకి అప్పుడే గుర్తొచ్చింది.

వీధిలోకొచ్చాక సుగుణ రూతు జడ సర్దుతూ, "ఈసారి ఎవరన్నా అడిగితే బుజ్జి అని చెప్పవే" అంది. నేను విననట్టు చెప్పులో ఇసుక దులుపుకున్నాను. చెప్పులో ఇసుక లేదు.

పన్నెండు దాటాక, టీ కొట్టతను చెప్పిన గుర్తుల ప్రకారం నేత వాళ్ళ వీధికి వెళ్ళాం. అటూ ఇటూ ఇళ్ళల్లో మగ్గాలు టకటకలాడుతున్నాయి. ఒక ముసలావిడ ముందుగది తెరిచింది. వాళ్ళాయన మగ్గం ఉండేదట అక్కడ. ఆయన పోయాక గుంట పూడ్చి సిమెంటు చేయించిందట. గుంటలో కాళ్ళు పెట్టి నేలమీద కూర్చుని నేస్తారు కాబట్టి, వెలుతురు పోగు మీద పడేలా కిటికీ బాగా కిందికి పెట్టించారు. రూతు వెళ్ళి ఆ కిటికీ దగ్గర కూలబడింది. పుస్తకం తెరిచింది. వెలుతురంతా పేజీ మీదే పడింది.

"నాన్నా, ఇదే తీసుకుందాం" అంది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు లేచి, చేతులు కట్టుకుని, "నా పేరు బుజ్జండీ" అని చెప్పింది. ఎవరూ అడగలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది.

"బుజ్జా? మరి బళ్ళో పేరేంటే?" అంది ముసలావిడ.

అది వాళ్ళమ్మ వైపు చూసింది. సుగుణ నేల చూపులు చూసింది. మంచి కిటికీ. జూన్ దగ్గరికొచ్చేసింది.

"రూతండీ. మేము క్రైస్తవులం" అన్నాను. సుగుణ సంచీ భుజానికి తగిలించుకుంది.

"అయితే ఏంటయ్యా? పక్కింట్లో పొద్దున్నే అయిదింటికల్లా మగ్గం మొదలెడతారు. ఆ మోతకి ఇద్దరు ఖాళీ చేసి పోయారు. మీకు పడుద్దా, అది చెప్పండి."

"పడుద్దండీ" అన్నాం, ముగ్గురం ఒకేసారి.

నాలుగింటికి ఆటోలో ఓడరేవు బీచికి వెళ్ళాం. ఇసుక కాలుతోంది కానీ నీళ్ళు చల్లగా ఉన్నాయి. సుగుణ చీర మోకాళ్ళదాకా తడుపుకుని నవ్వడం చాలా రోజుల తర్వాత చూశాను.

ఆరున్నర బస్సులో సీట్లు దొరికాయి. గోతాలు లేవు. చీరాల మంచి ఊరు, మధ్యాహ్నం దాకా ఓపిక పట్టాలంతే. చదువుకునే వెలుతురు పోయేసరికి రూతు పుస్తకం మూసింది. పక్క సీటావిడ దాని చేతిలో గుప్పెడు వేరుశనక్కాయలు పోసి, "ఏం పేరు పాపా?" అంది.

రూతు నోరు తెరిచి, ఆగి, ముందు వాళ్ళమ్మ వైపు, తర్వాత నా వైపు చూసింది.

"చెప్పమ్మా" అన్నాను. పేరు చెప్పడానికి అది మా అనుమతి కోసం చూడటం ఆ రోజే మొదలు.