పావుగంట ముందున్న గడియారం

సవాయి దీవిలోని ఆ చిన్న ఆసుపత్రిలో పిల్లల టీకాల వివరాలు రాసేది మసీనా. ముప్పై ఏళ్ల చాకిరీ. మొదట పుస్తకాల్లో, తర్వాత కంప్యూటరులో. ఆ తీరాన ఆవిడ రాయని పిల్లాడి పేరు లేదు. అలాంటిది సోమవారం నుంచి ఆ ఫోల్డరు తెరుచుకోనని మొండికేసింది.

ఫైళ్లుండేది సముద్రం అవతల, రాజధాని అపియా ఆఫీసులోని పెద్ద మెషీన్లో. అక్కడివాళ్లకి చక్కగా తెరుచుకుంటోంది. అయితే తప్పు మసీనా చేతిదేనని తేల్చేశాడు డాక్టరు. శుక్రవారంలోగా బాగుపడకపోతే ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెడతానన్నాడు. పసితనంలో ఆయనకి టీకా వేసినప్పుడు కాళ్లూ చేతులూ కదలకుండా పట్టుకున్నది ఆవిడే. ఏడుపు ఊరంతా వినిపించింది.

గురువారం అపియా నుంచి తోవియా ఫోను చేశాడు. నెట్‌వర్కు పని అతనిదే. పడవలు ఆగిపోయాయి, రాలేనన్నాడు. రానక్కర్లేదుట కూడా. ఆ రెండు మెషీన్లూ తీగ మీద ఏం మాట్లాడుకుంటున్నాయో అక్కడే కూర్చుని పట్టి చూస్తాడట. తను చెప్పగానే ఒక్కసారి ఫోల్డరు నొక్కమన్నాడు. మసీనా నొక్కింది.

కాసేపటికి చెప్పాడు. అడిగిన మాట ఇక్కడికి చేరుతోంది, జవాబూ వెనక్కి వెళ్తోంది, తీగలో లోపం లేదు.

"మరేమంటోందిట మీ మెషీను మహారాణి?"

"నీ టైమూ నా టైమూ కలవట్లేదు, నిన్ను నమ్మను పొమ్మంటోందమ్మా. మీ గడియారం పావుగంట ముందుంది. ఎవరు జరిపారు?"

మసీనా నోట అబద్ధం మాత్రం రాలేదు.

"నేనే నాయనా. ఆదివారం మధ్యాహ్నం జరిపాను. నర్సులు పొద్దుటి ప్రార్థనకి చివరి ఆమెన్ వేళకి జుట్టు ముడేసుకుంటూ వస్తారు. అందరూ నా తెర మీద టైమే చూస్తారు కదా అని."

తోవియా పగలబడి నవ్వాడు. "మా ఆఫీసుకీ వచ్చి ఒక గడియారం జరిపిపోమ్మా, పుణ్యముంటుంది."

గడియారం సరిచేసింది. ఫోల్డరు తెరుచుకుంది, పిల్లలందరూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

ఇక కుర్చీ పోయినట్టే అనుకుంది. సాయంత్రం డాక్టరే వచ్చి తోవియా పంపిన ఈమెయిలు చదివి వినిపించాడు. గడియారాన్ని ఎవరూ జరపకుండా తాళం వేయాల్సింది తనేననీ, మరిచిపోయాననీ, ఆవిడ దాచకుండా చెప్పబట్టే గంటలో తేలిందనీ రాశాడతను. చదివి డాక్టరు ఊరికే దగ్గి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లలో తన తప్పులో సగం నెత్తిన వేసుకున్న మగాణ్ణి ఆవిడ చూడలేదు. పడవలు కదలగానే అతనికి చేమదుంపలూ, కొబ్బరిపాలతో వండిన ఆకు పొట్లాలూ బుట్టనిండా పంపింది.

కంప్యూటరు జోలికి మళ్లీ పోలేదు. గోడ గడియారాన్ని జరిపింది.