పెదాలు ముందు, పాట వెనక

క్రిస్మస్ ఆరాధన డీవీడీ ఇంటింటికీ చేరిన వారంలోనే మా అమ్మ దొంగయిపోయింది. ఆవిడ పాడలేదట, పెన్‌డ్రైవులో ఎవరి పాటో పెట్టించి పెదాలు కదిపిందట!

అప్పటికే మా రాజాం చర్చిలో ముందే రికార్డు చేసిన వాయిద్యాల ట్రాక్ మీద పాడటం అలవాటైపోయింది. కొందరు ట్రాకులో గొంతు కూడా ఉంచేసుకుని, మైకు ముందు ఊరికే నోరు తెరిచేవారు. అలాంటివాళ్లను అమ్మ మొహం మీదే ఎగతాళి చేసేది. అందుకే ఈ నింద వాళ్లకు పండగైంది. ఈస్టరు పాట ఇంకెవరికైనా ఇద్దామన్నాడు సంఘ పెద్ద. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పాట అమ్మదే. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలో పనిచేసేదాన్ని. ఆ డీవీడీ తయారుచేసింది మా ఓనరే. ఆరోజు కెమెరా వేరే పెళ్లికి పోవడంతో, ఎవరో ఫోనులో తీసిన వీడియో తెచ్చి అందులోకి దించేశాడు. వేసి చూశాను. మొదటి చరణం బాగానే ఉంది. పోనుపోను పెదాలు ముందుకు పోయాయి. చివరి చరణంలో అమ్మ నోరు మూసేశాక కూడా పాట వస్తోంది. చూస్తే నాకే అనుమానం వచ్చేలా ఉంది.

తప్పు అమ్మది కాదు, ఫోనుది. మా కెమెరా సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు తీస్తుంది, ఎప్పుడైనా అంతే. ఫోను మాత్రం వెలుతురుంటే ఎక్కువ, మసకైతే తక్కువ, దాని ఇష్టం. మా సాఫ్ట్‌వేరు అన్నిటినీ ఒకే వేగమనుకుని బొమ్మల్ని గబగబా పరిగెత్తించింది. గొంతు మాత్రం తన నడక తాను నడిచింది.

"ఏటే నీ గోల? ఏవో పువ్వుల బొమ్మలు కప్పీ, ఎవులు సూత్తారు?" అన్నాడు ఓనరు, సరిచేసి మళ్లీ ఇద్దామంటే.

"మా సంఘమంతా సూత్తాది. పోయేది మాయమ్మ పరువు, పువ్వులు కప్పితే వస్తాదా?" అన్నాను. నా మొహం చూసి ఆయన టీకి పోయాడు.

ఫోనులోని అసలు ఫైలు తెప్పించి, సెకనుకు ఇరవై ఐదు బొమ్మల స్థిరమైన వేగానికి మార్చాను. ఫోను బొమ్మలు ఎగ్గొట్టిన చోట ముందు బొమ్మే ఇంకాసేపు నిలబడింది. పెదాలూ గొంతూ కలిశాయి. చివరి చరణంలో అమ్మ దగ్గింది కూడా. డీవీడీలో ఓనరు ఆ దగ్గును శుభ్రంగా కోసేశాడు.

"దగ్గు తీసీమంతావా అమ్మా?" అని ఇంటికెళ్లి అడిగాను.

"సెయ్యి ఎయ్యకు," అంది కుట్టు మిషన్ మీంచి తలెత్తకుండా.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరి అనుమతీ అడక్కుండా ప్రొజెక్టరు తెర దించి వీడియో వేశాను. సంఘ పెద్ద లేవబోతే, "డీవీడీ సూసినోళ్లు ఇదీ సూడాల. కూకోండి," అన్నాను. కూర్చున్నాడు.

చివరి చరణంలో అమ్మ గొంతు పట్టేసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, వదిలిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది.

"పాట బాగున్నాది గానీ, ఆ దగ్గు తీసీవలిసిందమ్మా," అన్నాడు సంఘ పెద్ద.

ఆడవాళ్ల వరసలోంచి అమ్మ లేచింది.

"ఎందుకు తీత్తాది బాబూ? మీ పెన్‌డ్రైవు దగ్గుతాదేటి?"

అమ్మ బైబిలు సంచిలో పెట్టుకుని, ఈస్టరు పాట ప్రాక్టీసు ఎప్పుడని కీబోర్డాయన్ని అడిగింది.