ఇంకో మూడు నెలలు

మా ఏడింటి బ్యాచ్ అయిపోయి ఏడాది దాటింది. అప్పటి వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఎవర్నీ పలకరించడం లేదు. మొన్న మంగళవారం పొద్దున అందులో ఒక ఫొటో వచ్చింది. కింద, "ఫిజియో అన్న పోయిండు" అని ఉంది. గుండెపోటట. యాభై మూడేళ్లు. బోర్డు మీద సగం రాసిన వాక్యం అలాగే వదిలేసి కుర్చీలో కూలబడ్డాను.

అమీర్‌పేటలో నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. మా మెట్లెక్కి వచ్చేవాళ్లంతా ఉద్యోగాల వేటలో ఉన్న పాతికేళ్ల లోపు వాళ్లే. వాళ్ల మధ్య, మొదటి బెంచీలో, మోకాళ్లు బల్లకు తగులుతుంటే ఒదిగి కూర్చునేవాడాయన. పంజాగుట్టలో ఒక ఎముకల ఆస్పత్రిలో ఫిజియో. ఆపరేషన్ అయినవాళ్ల కాళ్లూ చేతులూ మళ్లీ కదిలేలా చేయడం ఆయన పని. బల్కంపేట నుంచి నడిచొచ్చి, క్లాసు విని, అటునుంచటే డ్యూటీకి పోయేవాడు. మొదటి రోజు లేచి నిలబడి, "ఐ యామ్ బెండింగ్ నీస్ సిన్స్ ట్వంటీ సిక్స్ ఇయర్స్" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

"ఇంత అనుభవం ఉంది, ఇప్పుడు ఇంగ్లీషెందుకన్నా?" అని అడిగాను.

"ఫారిన్ పేషంట్లు వస్తుండ్రు మేడం. ఈడ చదువుకునేటోళ్లు, నౌకరీ చేసేటోళ్లు. డాక్టర్ సాబ్ ఇంగ్లీషుల మాట్లాడి పోతడు. తర్వాత ఆరు వారాలు ఆళ్ల కాలు నా చేతుల ఉంటది. ఆళ్లు చెప్పేది నాకు సమజ్ కాదు, నేనడిగేది ఆళ్లకు కాదు. పరాయి దేశంల ఎంత భయమైతదో జర ఆలోచించుండ్రి."

పోటు, సలుపు, గుంజుడు, మంట, వీటిని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పమని ప్రాణం తీసేవాడు. అవన్నీ తర్వాత అన్నా, ముందు సిలబస్ కానివ్వండి, అనేదాన్ని. ఇంటర్వ్యూలకే వెళ్లని మనిషి చేత ఇంటర్వ్యూ జవాబులు వల్లె వేయించాను. ఆయన ఊరుకుంటాడా? పక్కన కూర్చునే పిల్లల్ని అడిగి, ఒక్కో నొప్పికీ ఒక్కో మాట సంపాదించుకున్నాడు.

బోర్డు పైభాగానికి నా చెయ్యి అందడం లేదని మొదట పసిగట్టిందీ ఆయనే. భుజం బిగుసుకుపోయింది. రెండు నెలలు, రోజూ క్లాసయ్యాక పది నిమిషాలు నా చేత చెయ్యి తిప్పించాడు. "ఇంట్ల చేసిన్నని అబద్ధం చెప్పకుండ్రి మేడం, పట్టుకుంటే నాకు తెలుస్తది" అని నవ్వేవాడు. ఆ రోజుల్లోనే ఒకసారి నన్ను పేషంటుగా కూర్చోబెట్టి, మొత్తం ఇంగ్లీషులో నడిపించాడు. నొప్పి ఎక్కడ, ఎలాంటిది, ఎప్పుడు ఎక్కువ. తట్టుకోలేకపోతే చెయ్యెత్తండి, వెంటనే ఆపేస్తాను. నిదానంగా, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు.

ఇంత తెలిసీ నేను చేసిన పని మీకు చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మా అపార్ట్‌మెంట్లో కెన్యా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ అద్దెకుండేది. మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే నేను చేర్పించాను. ఆపరేషన్ బాగా జరిగింది. "డాక్టరు ఐదు నిమిషాలు చక్కగా మాట్లాడి వెళ్తున్నారు. కానీ నా కాలు రోజూ గంటసేపు వంచే మనిషితో నేను మాట్లాడగలగాలి కదా?" అని నా చెయ్యి పట్టుకుంది. చేర్పించింది నేను కాబట్టి డాక్టరుగారు నాకే ఫోన్ చేశారు. "మా పాత ఫిజియో మీ స్టూడెంటే కదండీ, ఈవిణ్ణి ఆయనకి అప్పగించనా? ఇంగ్లీషుతో నెట్టుకొస్తాడా?"

ఆమె రోజూ లిఫ్టులో కలిసే మనిషి. నా ఇంగ్లీషును మెచ్చుకునే మనిషి. ఈయన నోరు జారి ఏ తప్పు మాటో అంటే, నువ్వు నేర్పింది ఇదేనా అనుకుంటుందని నా భయం. "ఇంకో మూడు నెలలు పడుతుందండీ" అన్నాను.

కొత్తగా చేరిన ఇంకో ఫిజియోకి అప్పగించారు. అతను ఇంగ్లీషు దంచేస్తాడు, పనీ బాగానే చేశాడు. ఆమె శుభ్రంగా నడిచింది. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన ఒక్క క్లాసూ మానలేదు. బ్యాచ్ అయిపోతే మళ్లీ ఫీజు కట్టి తర్వాతి బ్యాచ్‌లో చేరాడు. ఒకరోజు అందరూ వెళ్లాక ఆగాడు.

"మేడం, మూడు నెలలైనయి. ఇప్పుడు డాక్టర్ సాబ్‌ను అడగనా?"

డాక్టరుగారు చెప్పేశారన్నమాట. ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. లేదు.

"మీరు చెప్పిండ్రంటే కరెక్టే ఉంటది మేడం. గట్ల సాఫ్‌గ చెప్పేటోళ్లు ఎంతమంది ఉంటరు?"

"అడగండన్నా" అన్నాను, అంతే. అప్పటికి విదేశీ పేషంట్లంతా ఆ రెండో ఫిజియో దగ్గరే కుదురుకున్నారు. ఆయన అడిగాడో లేదో, అడిగితే ఏమన్నారో నేను కనుక్కోలేదు. మొహం చెల్లలేదు.

ఐదో రోజున బల్కంపేటలో వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో కుర్చీ మీద ఫొటో, దండ, దీపం. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది.

"మీరేనా ఇంగ్లీషు మేడం? మీ మాట మస్తు చెప్తుండె. గా ఫారినామె మోకాలు తనకియ్యలేదని నారాజ్ కాలే. 'నాకు గప్పుడు ఇంగ్లీషు వచ్చునా రాకుండెనా' అని మాత్రం ఎన్నోసార్లు నన్నడిగిండు. నాకేం తెలుస్తది? మీరే చెప్పుండ్రి, ఆయనకు వచ్చునా?"

తప్పించుకోవడానికి ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"వచ్చమ్మా. అప్పటికే బాగా వచ్చు. నా పరువు చూసుకుని, రాదని నేనే చెప్పాను."

ఆమె తిట్టాలని కోరుకున్నాను. తిట్టలేదు. మోకాళ్ల మీద జరిగి ఫొటో దగ్గరికి వెళ్లింది. దండ ఆయన చెవి మీదికి జారి ఉంటే వేలితో పక్కకు తీసింది. పక్కగదిలో ఉన్న మనిషికి చెప్పినట్టు, గట్టిగా చెప్పింది.

"ఏమయ్యా, ఇంటున్నవా? నీకు గప్పుడే వచ్చునట."