‘సాధ్యమే’ అన్నచోట కోత

ఫిల్మ్‌నగర్‌లో మా ఎడిటింగ్ గదికి పక్కనున్న షూటింగ్ ఫ్లోర్‌లో ఈ మధ్యాహ్నం పాట తీస్తున్నారు. పొగ యంత్రం వాసన తలుపు సందుల్లోంచి వచ్చి గొంతులో గరగరలాడింది. ఆ వాసనకు నాకు నిర్మల గారు గుర్తొస్తారు. డాక్యుమెంటరీలు తీసే ఆవిడ దగ్గరే నేను ఈ పని నేర్చుకున్నాను. ఆవిడ చివరి చిత్రంలో మేఘాలను ఇలాంటి పొగతోనే పుట్టించాం.

అది ఒక కంపెనీ తీయించుకున్న చిత్రం. చాలా ఎత్తున ఆకాశంలో సన్నని రేణువులు చల్లి, ఎండలో కొంత వెనక్కి పంపి, భూమిని చల్లబరచాలని వాళ్ల ఆలోచన. వానల గురించి జీవితమంతా పరిశోధించి రిటైరైన యాదగిరి గారిని మధురానగర్‌లో ఆయన ఇంట్లోనే చిత్రీకరించాం. చల్లబరచడం సాధ్యమే అన్నారాయన. ఆ వెంటనే, మన వానలు గతి తప్పవచ్చన్నారు. మొదలుపెట్టి హఠాత్తుగా ఆపితే వేడి ఒక్కసారిగా మీద పడుతుందన్నారు. ఏ దేశం మొదలుపెట్టాలో ఎవరు తేలుస్తారు, వాన పోయిన రైతుకు ఎవరు జవాబు చెబుతారు అని చాలాసేపు మాట్లాడారు. కంపెనీవాళ్లు మొదటి ముక్క చాలన్నారు. నిర్మల గారు అక్కడే కోసెయ్యమన్నారు. కోసేశాను.

జూబ్లీహిల్స్‌లో ప్రివ్యూకి యాదగిరి గారు భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. తెరమీద ఆయన ‘సాధ్యమే’ అని నవ్వి ఆగిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. మిగతాది వస్తుందేమోనని ఆయన చివరి పేర్లు పడేదాకా చూశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

“గింతేనా అమ్మా, నేను చెప్పింది?”

నిర్మల గారు తప్పు కంపెనీ మీదికి నెట్టేస్తారనుకున్నాను. ఆవిడ లేచి, అందరూ వింటుండగా, “కాదండీ. మిగతాది నేనే తీసేయించాను” అన్నారు. ఆయన చెప్పినదంతా గుర్తున్నంతవరకూ నిలబడి చెప్పారు. ఆయన వినకుండానే భార్యతో బయటికి నడిచారు.

మర్నాడు కోసిందంతా తిరిగి కలిపాం. కంపెనీ ఒప్పుకోలేదు. నిర్మల గారి పేరు తీసేసి పాతదే విడుదల చేసింది. ఇద్దరం మధురానగర్ వెళ్లాం. యాదగిరి గారు టీ ఇచ్చారు, కోప్పడలేదు. ఎండ తగ్గిస్తారటగా అని కాలనీవాళ్లు తననే అడుగుతున్నారని మాత్రం చెప్పారు.

బయటికొచ్చాక నిర్మల గారు, “కోసేటప్పుడు నీకేమీ అనిపించలేదా?” అన్నారు.

“అనిపించిందండీ.”

“మరి నాతో అనలేదేం?”

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఎవరి మాటనైనా మధ్యలో కోయాల్సివస్తే, ముందు వాళ్లకి ఫోన్ చేసి వినిపిస్తాను. నాకు నచ్చకపోతే ఆ మాట నిర్మాతతో కూడా అంటాను. అయినా ఆ చిత్రం ఎవరో ఒకరి ఫోన్‌లో ఇంకా ఆడుతూనే ఉంది. యాదగిరి గారు నవ్వి ఆగిపోయేచోట నాకు నా చెయ్యే కనిపిస్తుంది.