సెల్లారు గోడకి రెండు కోటింగులు

నర్సీపట్నంలో నాది రంగులు, హార్డ్‌వేర్ షాపు. ఇరవై ఏళ్లకు పైగా జనానికి గోడల గురించి సలహాలు చెప్పి బతికాను. కోటవురట్ల నుంచి గానీ, పైన కొండల్లోని ఏజెన్సీ ఊళ్ల నుంచి గానీ ఎవరైనా వచ్చి గోడకి చెమ్మ పట్టిందంటే చాలు, వాటర్‌ప్రూఫింగ్ డబ్బా బల్ల మీద పెట్టి, "రెండు కోటింగులు వెయ్యండి, తర్వాత చుక్క దిగితే నన్నడగండి" అనేవాణ్ణి. తిరిగొచ్చి అడిగినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్ల మీద కూడా, సరిగ్గా వేసుండరని నేనే విరుచుకుపడేవాణ్ణి.

మా ఇంటి స్థలం రోడ్డుకన్నా పల్లంలో ఉంది. మట్టి తోలించి ఎత్తు చేయమని అందరూ చెప్పారు. పల్లాన్నే సెల్లారుగా మలుచుకుంటే ఒక అంతస్తు కలిసొస్తుంది కదా అని నాకు గొప్ప తెలివి పుట్టింది. కింద సెల్లారు, దాని మీద మేముండే రెండు గదులు, హాలు. మొదట్లో సెల్లార్లో షాపు సరుకు పెట్టేవాణ్ణి. అక్క వచ్చాక అది ఆమె గది అయింది.

అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పింది ఆవిడే. రావికమతంలో బావ పోయాక, పిల్లలు కూడా లేకపోవడంతో, నేనే వెళ్లి తీసుకొచ్చాను. మాతోనే ఇంట్లో ఉండమంటే ససేమిరా అంది.

"నాకంటూ ఓ గుమ్మం ఉంటే సాల్రా. జాకెట్లు కుట్టుకుని నా తిండి నేను తింటాను. నీ పెళ్లానికి అడ్డం ఎందుకు?" అంది.

సరే అని సెల్లారు బాగు చేయించాను. నేలకి తెల్ల టైల్సు, గోడలకి చెక్కలా కనబడే పీవీసీ షీట్లు, పైన ఫాల్స్ సీలింగు. జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు, బట్టల షోరూంలా ఉందని మెచ్చుకుంటుంటే నేను మీసం దువ్వుకున్నాను. షీట్ల వెనకాల మట్టిని ఆనుకుని ఉన్న గోడ ఏమైపోతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇదే పని ఇంకెవడైనా చేసుంటే షాపులో నిలబెట్టి బుద్ధి చెప్పేవాణ్ణి.

రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత మా వీధి రోడ్డు మీద ఇంకో పొర వేశారు, దానితోపాటు కాలవ కూడా పైకి లేచింది. ఆ ఏడు తొలకరికే సెల్లార్లో ముక్కిన బియ్యం వాసన మొదలైంది. అక్క సూదులు తుప్పు పట్టాయి. అల్మారాలో మడతపెట్టిన జాకెట్ గుడ్డల మీద నల్ల చుక్కలు వచ్చాయి. అప్పటిదాకా ఎరగని దగ్గు ఆవిడకి పట్టుకుంది. ఒక షీటు ఊడదీసి చూద్దును కదా, గోడంతా నల్లగా బూజు. చెయ్యి పెడితే జిగురుగా తగిలింది. అక్క వెనక నిలబడి చూసి, "ఓలమ్మ, ఇదేట్రా! ఇన్నాళ్లూ దీని పక్కనే పడుకున్నానా?" అంది. షీట్లు వేసినవాణ్ణి ఫోన్లో నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నేను చెప్పినట్టే వేశాడు, పాపం.

మాకు తెలిసిన మేస్త్రిని పిలిపించాను. ముసలాయన, తక్కువ మాట్లాడతాడు. గోడంతా వేలి కణుపుతో కొట్టి చూశాడు. నేలా గోడా కలిసేచోట కూర్చుని, టైలు సందులోంచి ఊరుతున్న నీటిని చేత్తో అద్ది చూశాడు.

"లోపల ఎన్ని రంగులేసినా ఇది ఆగదండి. నీరు బయటినుంచి తోస్తంది. అయితే బయట గోడ పొడుగునా తవ్వి అటుపక్క మందెయ్యాలి. లేదంటే ఆ మూల పల్లంగా ఉంది కదా, అక్కడ గొయ్యి తీసి మోటారు పెట్టండి. వచ్చిన నీరు వచ్చినట్టే పోతాది. దారి సూపిస్తే గోడ జోలికి రాదు" అన్నాడు.

బయట తవ్వడానికి ఒక పక్క రోడ్డు కాలవ, ఇంకో పక్క పొరుగువాళ్ల గోడ. ఇక మిగిలింది గొయ్యి. ఆ పల్లం మూల నైరుతి. నైరుతిలో గొయ్యి తీస్తే ఇంటి యజమానికి ముప్పని మా ఆవిడ చెప్పేలోపే నేనే అన్నాను. మేస్త్రి చేతి తడి తుడుచుకుంటూ, "మీ ఇష్టమండి" అన్నాడు. నా ప్రాణానికి ముప్పు అనగానే అంత బేగి భయపడిన నేను, ఆ గదిలో పడుకుంటున్నది ఎవరో గుర్తు తెచ్చుకోలేదు.

మా షాపులో డబ్బాలు ఉండనే ఉన్నాయి కదా! షీట్లన్నీ పీకించి, ఉలితో పాత ప్లాస్టరింగు కొట్టించి, పగుళ్లు వెడల్పు చేసి సిమెంటు మందుతో నింపించాను. మీద రెండు కోటింగులు. పని జరిగిన వారం రోజులూ అక్క మా హాల్లో పడుకుంది. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, హాల్లోనే దాని పుస్తకాలు. అక్కకి దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోట్లో కుక్కుకునేది. ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిదో రోజు పొద్దున్న తనే పరుపు చుట్టుకుని కిందికి దిగిపోయింది. మందు వాసన ఇంకా గాఢంగా ఉంది. "కొత్త గోడరా, బాగుంది" అని నవ్వింది. నేను నమ్మేశాను.

నెల తిరక్కుండా నీరు ఇంకోచోట మొదలైంది. మూసినచోట ఆగి, మూయనిచోట వచ్చింది. నేను మళ్లీ బ్రష్షు పట్టాను.

ఇక్కడ పై వాటా సంగతి చెప్పాలి. ఆ వేసవిలోనే మా ఇంటి మీద కొత్తగా వాటా వేశాను. రెండు గదులు, వెడల్పాటి కిటికీలు. అక్కడ నిలబడితే చింతపల్లి వైపు కొండలు కనిపిస్తాయి, గాలి ఈ గోడనుంచి ఆ గోడకి కొడుతుంది. రంగులేయడం అయిపోయింది, ఫ్యాన్లు బిగించారు. మెట్లు వాకిట్లోంచి వేరేగా ఉన్నాయి. అన్నీ అయ్యాయి, గృహప్రవేశం ఒక్కటే కాలేదు. పని పూర్తయ్యేసరికి ఆషాఢం వచ్చేసింది. శ్రావణంలో చేద్దామంటే మూఢం అన్నారు. తర్వాత భాద్రపదం, శూన్యమాసం. తాళం చెవి నా జేబులోనే ఉండేది.

శ్రావణంలో ఒక సాయంత్రం నేను గోడకి మందు పూస్తుంటే, అక్క మిషను ఆపి దారం తెంపింది. తర్వాత, "ఒరే, పైన గదులు కాళీగానే ఉన్నాయి కదా. ఈ వానలు తగ్గీదాకా నాలుగు రోజులు అక్కడ పడుకోనా?" అంది.

జీవితంలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. నేను గోడ వైపే చూస్తూ, "ఇంకా ముహూర్తం కాలేదక్కా" అన్నాను.

"అవున్లే. నాకే తెలీలేదు. మొగుడు పోయినదాన్ని, కొత్తింట్లో ముందు నేను కాలెడితే ఏం బాగుంటాది" అంది.

కాదక్కా, అలాంటిదేమీ లేదు అని నేను అనాలి. అనలేదు. ఎందుకంటే నా మనసులో ఉన్నదీ అదే. ఆవిడ పైకి అనేసరికి నాకు పని తేలికైంది, అంతే. మా ఆవిడ ఒప్పుకోదని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అసలు ఆవిడతో ఆ మాటే ఎత్తలేదు. ఎత్తితే ఏమనేదో నాకు తెలీదు. ఆ తప్పు ఇంకొకళ్ల మీదికి తోసే హక్కు నాకు లేదు.

వినాయకచవితి వెళ్లేసరికి అక్కకి నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించి చూసి, చెమ్మ లేని గదిలో, గాలీ ఎండా తగిలేచోట ఉంచమన్నారు. అలాగేనండీ అన్నాను. ఇంటికొచ్చి ఇంకా ఖరీదైన డబ్బా తెరిచాను. పొద్దున్నే షాపుకి వెళ్లేముందు గోడ దగ్గర గొంతుక్కూర్చుని చెమ్మ మచ్చల కోసం వెతకడం నాకు పూజలా తయారైంది. గోడ మీద ఎంత శ్రద్ధ పెట్టానంటే, మంచం మీద మనిషి సగానికి సగం అయిపోవడం పట్టించుకోలేదు. కార్తీకంలో ముహూర్తం దొరికిందని పంతులుగారు కబురు చేస్తే, పరిగెత్తుకుంటూ వెళ్లి అక్కకి చెప్పాను. "మంచిదే. నీ పెళ్లానికి పట్టు జాకెట్టు నేనే కుడతాను" అంది.

ఆశ్వయుజంలో వాయుగుండం పట్టింది. మూడు రోజులు తెరిపి లేని వాన. రెండో రోజుకి గోడ మీద నా కోటింగు బొబ్బలెక్కింది. మేస్త్రి చెప్పినట్టే వెనకనుంచి నీరు తోస్తోంది. జ్వరంతో ఉన్న అక్కని హాల్లోకి తెచ్చి పడుకోబెట్టాను. జ్వరం కొంచెం జారింది. మూడో రోజు పొద్దున్న ఎవరికో పెళ్లి జాకెట్లు ఇవ్వాలని, తడిసిపోతాయేమోనని, నేను పాలకి వెళ్లినప్పుడు నెమ్మదిగా కిందికి దిగిందట. నేను తిరిగొచ్చి టీ గ్లాసు పట్టుకుని సెల్లార్లోకి వెళ్లాను.

నేలంతా నీరు, మడమలదాకా ఉంది. బొబ్బలు పగిలి, తెల్లటి పొర గోడనుంచి చాపలా ఊడి వేలాడుతోంది. అక్క మంచం మీద కాళ్లు పైకి ముడుచుకుని, ఆ గోడకే చేరగిలబడి ఉంది. జాకెట్ల మూట ఒళ్లో పెట్టుకుంది, తడవలేదు. రెండుసార్లు పిలిచాను. చెయ్యి పట్టుకున్నాక ఇక పిలవలేదు.

దహనం అయ్యాక పంతులుగారు పంచాంగం చూసి, పోయిన నక్షత్రం మంచిది కాదన్నారు. సెల్లారూ, దాని మీద మేముండే ఇల్లూ కొన్ని నెలలు మూసిపెట్టాలి, అందులో ఎవరూ ఉండకూడదు అన్నారు. ఇంటిల్లిపాదీ ఇప్పటికిప్పుడు ఎక్కడికి వెళ్తామండీ అని మా ఆవిడ ఏడుపు గొంతుతో అడిగింది.

"పైన ఉంది కదమ్మా! మెట్లు వేరు, గుమ్మం వేరు, అది వేరే ఇంటి కిందే లెక్క. మైల తీరగానే పాలు పొంగించుకుని వెళ్లిపోండి."

"మరి ముహూర్తం కార్తీకంలో కదండీ?"

"గృహప్రవేశం అప్పుడే చేసుకోండి. అవసరానికి వెళ్లి ఉండడానికి ముహూర్తం ఏటమ్మా? పాలు పొంగిస్తే సరిపోతుంది."

"పంతులుగారూ, ఆషాఢంలో అయినా ఇలా వెళ్లొచ్చా? మూఢంలో అయినా?" అన్నాను.

ఆయన పంచాంగం సంచిలో పెట్టుకుంటూ, "జబ్బు మనిషి కోసమైతే ఎప్పుడైనా వెళ్లొచ్చండి. మీరు అడగలేదు కదా" అన్నారు.

మైల తీరిన రోజు మధ్యాహ్నం పాలు నేనే పొయ్యి మీద పెట్టాను. పొంగాయి. మా ఆవిడా, అమ్మాయీ, నేనూ సామాను మోసుకున్నాం. ఆ మెట్లు కట్టించింది నేనే అయినా ఎన్నున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ రోజు లెక్కపెట్టాను. పద్దెనిమిది. మధ్యలో ఒకసారి కూర్చోబెట్టినా, అక్కని నేను ఒక్కణ్ణే ఎత్తుకుని ఎక్కించగలిగేవాణ్ణి.